అన్నం బంద్

వంటింటి పక్క గది

మా ఆస్పత్రిలో నాకిచ్చిన గదికి ఒకవైపు వంటిల్లు, ఇంకోవైపు దుప్పట్లు ఉతికే చోటు ఉండేవి. పొద్దంతా ఒక కిటికీలోంచి పప్పు వాసన, ఇంకో కిటికీలోంచి సోడా వాసన వచ్చేవి. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక త్రాసు, ఆహార పదార్థాల పట్టికలున్న లావుపాటి పుస్తకం. హోంసైన్సు చదివి నేరుగా ఉద్యోగంలో చేరిన నాకు ఏదైనా ఆ పుస్తకం తర్వాతే. వంద గ్రాముల బియ్యంలో పిండి పదార్థం ఎంత, జొన్నల్లో ఎంత, కందిపప్పులో ఎంత అని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు.

డెబ్భైల్లో వరంగల్‌లో డైటీషియన్ అంటే ఏమిటో రోగులకే కాదు, సిబ్బందిలో సగంమందికి కూడా తెలియదు. హాజరుపట్టీలో నా పేరు చాలాకాలం వంటవాళ్ల పేర్ల కిందే ఉండేది. రోగులు మాత్రం నాకు వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు. అన్నం మేడం. “షుగరోళ్లంత అన్నం మేడం కాడికి పోవాలె” అని వార్డుబాయి అరిస్తే నా గది ముందు వరుస కట్టేవారు. నా పని చెప్పడానికి తేలిక. ఒక్కొక్కరు రోజు మొత్తంలో ఎంత పిండి పదార్థం తింటున్నారో లెక్కకట్టాలి, డాక్టరు ఇచ్చే మందుకు తగ్గట్టు దాన్ని తగ్గించాలి, ఏ పూటకు ఎంతో పంచి చార్టు రాయాలి. ఇప్పుడు దీన్ని లో-కార్బ్ అంటున్నారు. అప్పుడు పేరు లేదు, లెక్క ఉండేది.

రోజూ సాయంత్రం సుబేదారిలోని ఇంటికి వెళ్లాక డైరీ రాయడం నాకు చిన్నప్పటి అలవాటు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాద్దామని ఆ డైరీలు ముందు పెట్టుకున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్లు అన్నీ అందులో ఉన్నాయి. అవి మీకెందుకూ పనికిరావు. ఒక పిల్ల సంగతి, ఒక మాట సంగతి చెబుతాను.

దానికి ముందు జానీమియా గురించి చెప్పాలి. ఆయన మా వంటింటి పెద్ద. నేను చేరిన మొదటి వారంలోనే గడప దగ్గర నిలబడి అడిగాడు.

“మేడం, మీ కితాబుల బియ్యం లెక్క రాసిన్రు గద. పచ్చి బియ్యమా, ఉడికినయా?”

“పచ్చివే.”

“మరి రోగులు పచ్చియి బుక్కుతరా?”

వెనక కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పింది నిజం. కొత్త బియ్యం ఒకరకంగా ఉబ్బుతాయి, పాత బియ్యం ఒకరకంగా. ఒకామె గంజి వారుస్తుంది, ఒకామె వార్చదు. ఆ వారమంతా జానీమియా వండిన అన్నాన్ని గంటెలతో తీసి త్రాసులో పెట్టి తూచాను. వంటింట్లో ఉన్న తొమ్మిది గంటెల్లో ఒక చిన్న ఇత్తడి గంటె దొరికింది. దాన్ని చదునుగా నింపితే, ఆ అన్నంలో దాదాపు పదిహేను గ్రాముల పిండి పదార్థం. దానికి ఎర్ర దారం కట్టి నా గదిలో మేకుకు తగిలించాను. తర్వాత ఎంతమంది గంటెలు తెప్పించుకుని దానితో పోల్చి చూశానో లెక్కలేదు. ఒక్కో ఇంటి గంటె ఒక్కో సైజు. “రెండు గంటెల అన్నం” అని చార్టులో రాసేముందు ఎవరి గంటె అని అడగండి.

“ఏం తినలే”

డోర్నకల్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. రైల్వేలో పనిచేసి దిగిపోయినవాడు. ఎప్పుడు పరీక్ష చేసినా చక్కెర ఎక్కువే. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

“పెద్దయ్యా, పొద్దున ఏం తిన్నవ్?”

“ఏం తినలే మేడం.”

“ఛాయ్ అన్న తాగలేదా?”

“ఛాయ్ తాగిన. రెండు కప్పులు.”

“చక్కెర ఏసుకొనా?”

“చక్కెర లేకపోతే గది ఛాయెందుకైతది మేడం, ఉడుకునీళ్లయితయి.”

“ఛాయ్‌లకు ఏమన్న నంజుకున్నవా?”

“రెండు బన్నులు. గంతే.”

“తర్వాత?”

“స్టేషన్ కాడ మక్కకంకి కాలుస్తాంటె ఒకటి తీసుకున్న. రెండు. మా కోడలు జామకాయలు కట్టిచ్చింది, అవి రైల్ల తిన్న.”

“మరి ఏం తినలే అంటివి?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఇంత చదువుకున్న పిల్లకు ఇంత చిన్న సంగతి తెలియదేమిటని.

“అన్నం తినలే గద!”

ఆ రోజు డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను: ‘తిన్నావా అని అడగవద్దు. నోట్లోకి ఏం పోయింది అని అడగాలి.’ మన దగ్గర తినడమంటే అన్నం తినడమే. అంబలి తాగుడు, జొన్న గట్క మింగుడు, కంకి బుక్కుడు, పండు కొరుకుడు, వీటిలో ఏదీ తినుడు కాదు. ఈ ఒక్క సంగతి తెలిశాక నా లెక్కలు చాలావరకు దారిలో పడ్డాయి. రోగుల మాట నాకు అర్థమైపోయిందని గర్వపడ్డాను కూడా.

నిజానికి నాకు అర్థమైంది సగమే. తినడమంటే అన్నమే అయినప్పుడు, అన్నమంటే తిండి మొత్తం అవుతుంది. ఈ రెండో సగం నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో రొట్టెలు తిన్న రోజు కూడా మా అమ్మ పక్కింటావిడను “అన్నాలు తిన్నరా” అనే అడిగేది. పుస్తకం చదివాక అన్నం అంటే ఉడికిన బియ్యం అయిపోయింది నాకు.

సమ్మక్క

ములుగు దాటాక అడవి అంచు ఊరి నుంచి ఒక పిల్లను ఎద్దుబండిలో కొంత దూరం, బస్సులో కొంత దూరం తీసుకొచ్చారు. పదేళ్లుంటాయి. పేరు సమ్మక్క. నాయనమ్మ ఎల్లవ్వ మేడారం మొక్కు మొక్కితే పుట్టిన పిల్ల అట, అందుకని అమ్మవారి పేరే పెట్టుకున్నారు. తల్లి లేదు. పెంచింది ఎల్లవ్వే. తండ్రి కొమురయ్య రెండెకరాల రైతు, మాట తక్కువ మనిషి.

పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం లేదు. రోజూ పొద్దున సూది వేసుకుంటేనే బతుకు, అదీ బతికినన్నాళ్లు. నెలరోజులు వార్డులో ఉంది. ఎముకల మీద కాస్త కండ వచ్చింది, నవ్వడం మొదలుపెట్టింది. నా గదికి వచ్చి త్రాసులో పెన్ను, గాజులు, చెప్పు అన్నీ తూచి చూసేది. “మేడం, నా జడ ఎంతుంటది?” అని ఒకరోజు జడ త్రాసులో పెట్టి వంగి నిలబడింది.

సూది వేయడం కొమురయ్య నేర్చుకున్నాడు. నారింజపండు మీద పొడిచి పొడిచి నేర్చుకున్నాడు. గాజు సిరంజి నీళ్లలో మరగబెట్టడం, మందు సీసా తడి ఇసుకలో పెట్టిన కుండలో దాచడం, అన్నీ. సిస్టర్లు అతని చెయ్యిని మెచ్చుకునేవారు.

మా పెద్ద డాక్టరు గారు మంచి వైద్యులు. ఆ పిల్లను బతికించింది ఆయనే. కానీ ఆయనకు చెవి తక్కువ. వినపడక కాదు, వినక. పిండి తగ్గితే మందు తగ్గుతుంది, మందు తగ్గితే రోగికి సుఖం అన్నది ఆయన సూత్రం. పెద్దవాళ్లకూ పిల్లలకూ ఒకటే సూత్రం. ఎదిగే పిల్లకు అంత తగ్గించవద్దని నేను గట్టిగా చెప్పాల్సింది. “సరే సర్” అన్నాను. పొద్దున పూట సద్దన్నం తీసేసి, ఒక జొన్నరొట్టె, ఒక గుడ్డు, గ్లాసు సల్ల, అంటే మజ్జిగ, రాశాను. చార్టు ఇంగ్లీషులో రాశాను. అప్పుడు అందరం అలాగే రాసేవాళ్లం. ఎవరి కోసం రాస్తున్నామని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇంటికి పంపే రోజు ములుగు బస్సుకు వేళయింది. బయట వరుసలో ఇరవై మంది ఉన్నారు. కొమురయ్య చార్టు చేతిలో పట్టుకుని తిప్పి చూస్తున్నాడు.

“ముఖ్యమైంది ఒక్కటి యాదిపెట్టుకో కొమురయ్యా,” అన్నాను. “పొద్దున అన్నం బంద్.”

“బందేనా మేడం?”

“బందే.”

“మొత్తానికా?”

“మొత్తానికే. ఒక్క మెతుకు గూడ వద్దు.”

ఎల్లవ్వ పిల్ల తల నిమిరింది. “పసిపోరి మేడం, ఎట్లుంటది?”

“ఉంటది అవ్వా. అలవాటైతది. ఫికర్ చేయకు.”

రొట్టె, గుడ్డు, సల్ల సంగతి చార్టులో ఉందని నా ధీమా. కొమురయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు. ఇంటికి వెళ్లి దేవుని పటం వెనక భద్రంగా పెట్టాడట. ఈ సంభాషణ డైరీలో లేదు. రాయాల్సినంత ముఖ్యమని ఆ రోజు అనిపించలేదు. అయినా ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

తిరిగొచ్చిన సిరంజి

ఆరో రోజు పొద్దున్నే ఎల్లవ్వ ఒక్కతే వచ్చింది. నొసట నిండా పసుపు, కుంకుమ. ముఖం వెలిగిపోతోంది. ఒక చిన్న రేకు డబ్బా నా బల్ల మీద పెట్టింది. లోపల తెల్లని గుడ్డలో చుట్టిన గాజు సిరంజి, రెండు సూదులు, మందు సీసా.

“గివి దవాఖాన సామాన్లు. మాకు ఇగ వద్దు బిడ్డా. ఇంకెవలకన్న అక్కరకొస్తయని తెచ్చిన.”

“ఏమైంది అవ్వా?”

“అమ్మ వచ్చింది.”

మొన్న పదిగంటల వేళ, బడి వరండాలో పిల్ల ఉన్నట్టుండి లేచి నిలబడిందట. ఒళ్లంతా చెమట, జుట్టు విరబోసుకుంది. ఊగుతూ, గుడ్లు తేలేసి, ఎవరినీ గుర్తుపట్టకుండా ఏదేదో మాట్లాడింది. సారు భయపడి కబురు పంపాడు. ఎల్లవ్వ ఉరికింది. చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

“సమ్మక్క తల్లి పూనింది బిడ్డా. నేను ఎంతమంది శివసత్తులను చూడలే! ఇంట్ల జాతర బంగారం ఉండె. ఉరికి పోయి తెచ్చి, ‘తల్లీ, నిమ్మలంగుండు తల్లీ’ అని నోట్లె పెట్టిన. పెట్టుడే ఆలస్యం. ఇట్ల చప్పరిచ్చింది, జరసేపటికి కండ్లు తెరిచి ‘అవ్వా’ అన్నది. తల్లి శాంతించింది.”

మేడారం తల్లులకు ఇచ్చే బెల్లాన్ని మన దగ్గర బంగారం అంటారు. ఈ మాట తెలియనివారు ఇక్కడ లేరు. నాకు మాత్రం ఆమె చెబుతుంటే బంగారం వినపడలేదు. చెమట, ఊగడం, గుర్తుపట్టకపోవడం, బెల్లం, తేరుకోవడం వినపడ్డాయి. ఇన్సులిన్ ఎక్కువై రక్తంలో చక్కెర పడిపోతే ఇదే వరుస. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు.

“అవ్వా, ఆ పొద్దు పిల్ల నోట్లెకు ఏం పోయింది?”

“ఏం పోతది? ఏం పెట్టలే.”

“రొట్టె?”

“రొట్టె ఎట్ల పెడ్త?”

“గుడ్డు? సల్ల?”

ఎల్లవ్వ వింతగా చూసింది. “నువ్వే గద బిడ్డా, అన్నం బంద్ అంటివి. మొత్తానికే అంటివి. కొమురిగాడు రెండుసార్లు అడిగె. పసిదాన్ని రోజూ కడుపు మాడ్చి బడికి తోలుతానం. నాకు గుండె తరుక్కుపోయేది. కానీ చదువుకున్న బిడ్డవు, నువ్వు చెప్పినంక తప్పుతదా?”

సూది వేసి, పిల్లకు ఏమీ పెట్టకుండా బడికి పంపారు. నేనే పంపించాను. మొదటి మూడు రోజులు ఎలా నెగ్గుకొచ్చిందో తర్వాత తెలిసింది. బడి తోవలో రేగుపండ్లు ఏరుకుని తినేదట. పండ్లు తినడం తినుడు కాదు కనుక ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు వేరే తోవన పోయింది.

అప్పుడు అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

“సూది ఎప్పటి సంది ఇస్తలేరు?”

“నిన్న ఇయ్యలే, ఇయ్యాల ఇయ్యలే. అమ్మ ఒంటి మీదికి వచ్చినంక సూది పొడుస్తరా? తప్పు గద!”

ఎద్దులు లేని బండి

పెద్ద డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. అంతా విని ఆయన అన్నారు, “పిల్లను వెంటనే తీసుకురమ్మను.” నేను వెళ్తానన్నాను. “నీ పని చార్టు రాయడం, బస్సెక్కడం కాదు.” తప్పు నాదని చెప్పి రావాలన్నాను. “అలాంటిది రోగులకు చెప్పకూడదు. ఇక నమ్మరు.” ఆయన మీద నాకున్న గౌరవం తగ్గలేదు గానీ, ఆ రోజు ఆయన మాట వినలేదు. రేకు డబ్బా చంకలో పెట్టుకుని ఎల్లవ్వతో బస్సెక్కాను. బస్సులో ఆమె నాకు వక్క ముక్క ఇచ్చింది. “ఎందుకు బిడ్డా గట్ల ఫికర్ చేస్తానవ్?” అంది.

ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. పిల్ల వాకిట్లో మంచంలో ముడుచుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. పక్కన ఖాళీ చెంబు. “పొద్దటి సంది దూప దూప అంటాంది. రెండుసార్లు కక్కింది,” అన్నాడు కొమురయ్య. దగ్గరికి వంగితే ఊపిరిలో మాగిన పండు వాసన. సూది ఆగిన ఒంట్లో ఆ వాసన వచ్చిందంటే ఇక గంటల లెక్కే.

వాకిట్లో పది పదిహేను మంది చేరారు. పిల్ల కాళ్లకు పసుపు రాసి ఉంది. ఎవరో కొబ్బరికాయ కొట్టి పోయారు.

“కొమురయ్యా, సూది ఇయ్యి. ఇప్పుడే,” అన్నాను.

అతను కదల్లేదు. వెనక నుంచి ఒకాయన అన్నాడు, “అమ్మ వచ్చిన ఒంటికి సూది పొడుస్తే ఊరికి మంచిది గాదు, మేడం.”

నాకు ఉపన్యాసాలు రావు. రక్తం, చక్కెర, ఇన్సులిన్ అని మొదలుపెట్టి ఆగిపోయాను. మంచం పక్కన కింద కూర్చున్నాను.

“తప్పు నాది. అన్నం బంద్ అంటే వట్టి వరి మెతుకులు వద్దనుకొని అన్న. రొట్టె పెట్టాలె, గుడ్డు పెట్టాలె. గది ఇంగ్లీషుల రాసిన. నోటితోని చెప్పలే. సూది ఇచ్చినంక కడుపుల ఏం లేకపోతే మనిషి గట్లనే చెమటలు పోసి ఊగుతది. మీరు నేను చెప్పినట్టే చేసిన్రు. నేనే సక్కగ చెప్పలే.”

కొమురయ్య నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే భరించేదాన్ని. నాలుగు పొద్దులు బిడ్డ కడుపు మాడ్చిన తండ్రి చూపు అది.

ఎల్లవ్వ నెమ్మదిగా అడిగింది. “అయితే అమ్మ రాలేదంటవా?”

రాలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ముసలామె కళ్లు చూసి, ఎందుకో, నాకు తెలిసినంతే చెప్పాలనిపించింది.

“గది నాకు తెల్వదు అవ్వా. ఊగినప్పుడు బెల్లం పెడితే బతుకుతదని తెలుసు. సూది లేకపోతే రేపటికి బతకదని తెలుసు. గంతవరకే తెలుసు.”

“బంగారం పెట్టింది ఎవలు?”

“నువ్వే.”

“నాకు పెట్టుమని ఎవలు చెప్పిన్రు? నువ్వు చెప్పినవా?”

“లేదు.”

“డాక్టర్ చెప్పిండా?”

“లేదు.” నిజమే. చక్కెర పడిపోతే తీపి పెట్టాలని ఆ ఇంటివాళ్లకు మేము ఎవరమూ చెప్పలేదు. చెప్పాల్సిన వాటిలో మొదటిది అదే.

ఎల్లవ్వ కాసేపు పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“నీళ్లు మరగబెట్టురా కొమురయ్యా. సూది నువ్వియ్యి. బంగారం నేను పెడ్త. అమ్మ ఏమన్న అంటే నన్నంటది.”

వెనక ఎవరో గొణిగారు. “మొక్కింది నేను, పెంచింది నేను,” అంది ఆమె తల తిప్పకుండా. “నాకూ అమ్మకూ నడుమ మీరెందుకు?”

కొమురయ్య సూది ఇచ్చాడు. అరగంటలో ఒక జీపు దొరికింది. అప్పటిదాకా జీపెక్కని పిల్ల సగం స్పృహలో “అవ్వా, ఎద్దులు లేని బండి” అంది. పిల్ల తల నా ఒళ్లో, కాళ్లు ఎల్లవ్వ ఒళ్లో. తోవ పొడుగునా ఆ ఊపిరి వాసన పీలుస్తూనే ఉన్నాను. డాక్టరు గారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. పిల్లను ఆయనే అందుకున్నారు. మూడు రోజులు ఆ మంచం పక్కకు ఆయన ఎన్నిసార్లు వచ్చారో నేను చూశాను. నాలుగో రోజు పిల్ల త్రాసు కావాలని అడిగింది.

చింతగింజలు

ఈసారి తొందరపడలేదు. చార్టు పక్కన పెట్టి ఎల్లవ్వనే అడిగాను, ఎలా చెబితే యాది ఉంటుందని. ఆమె సంచిలోంచి గుప్పెడు చింతగింజలు తీసింది. వార్డులో పొద్దుపోక మనవరాలితో ఆడుకోవడానికి తెచ్చినవి.

“నీ గ్రాములు నాకు తెల్వయి. గింజలల్ల చెప్పు.”

చెప్పాను. ఎర్ర దారం గంటెతో ఒక గంటె అన్నం, ఒక గింజ. ఇంటి జొన్నరొట్టె పెద్దది, రెండు గింజలు. గ్లాసు అంబలి, ఒక గింజ. దోసెడు రేగుపండ్లు, ఒక గింజ. గుడ్డుకు గింజ లేదు, సల్లకు లేదు, ఆకుకూరకు లేదు. సమ్మక్క రెండు చిన్న సంచులు కుట్టించుకుంది. తెల్లారితే పన్నెండు గింజలు ఒక సంచిలో. ఏదైనా సరే నోట్లోకి పోయిందంటే, తినుడైనా తాగుడైనా కొరుకుడైనా, దాని గింజలు రెండో సంచిలో పడాలి. పొద్దున మూడు పడకుండా బడికి పోకూడదు. డాక్టరు గారు ఎనిమిదే చాలన్నారు. ఈసారి నేను “సరే సర్” అనలేదు. పన్నెండు ఎందుకు కావాలో కాగితం మీద లెక్కవేసి బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి సంతకం పెట్టారు. రౌండ్లలో వచ్చినప్పుడు “ఏం పిల్లా, గింజలెన్ని పడ్డయి?” అని అడగడం కూడా మొదలుపెట్టారు. జానీమియా ఆ ఇత్తడి గంటె లాంటిది ఇంకొకటి వెతికి తెచ్చి, ఎర్ర దారం కట్టి పిల్ల చేతికిచ్చాడు. “బిడ్డా, ఇది మా కిచెన్ గంటె. పోగొడితే చార్మినార్ ఎక్కినా దొరకది,” అన్నాడు.

పోయేముందు ఎల్లవ్వ కొంగు ముడి విప్పి చూపించింది. ఉసిరికాయంత బెల్లం ముక్క.

“గిది లెక్కల పట్టేదా, పట్టందా?”

“అది లెక్కకు బయట అవ్వా. చెమటలు పోసినప్పుడు అడగకుంట పెట్టుడే.”

“కొంగున ఉంటది తియ్,” అంది.

అప్పటి నుంచి సూది మీద ఉన్న ప్రతి మనిషికీ చార్టు కన్నా ముందు చెప్పే మాట అదే అయింది. కొంగునో, రుమాలు మూలనో, జేబులోనో కొంచెం బంగారం కట్టుకోండి. బెల్లం అంటే షుగరోళ్లు భయపడతారు. బంగారం అంటే కట్టుకుంటారు.

ఇప్పుడు మీ దగ్గర గ్రాములు చెప్పే యంత్రాలు, పట్టికలు చాలా ఉన్నాయి. వాడండి. పిండి తగ్గించమని చెప్పేటప్పుడు దాని బదులు ఏం పెట్టాలో అదే ఊపిరిలో చెప్పండి. చెప్పాక, “ఇంటికి పోయి ఏం చేస్తరు, నాకు చెప్పుండ్రి” అని వాళ్ల నోట వినండి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఒక పిల్ల మూడు పొద్దులు రేగుపండ్లు ఏరుకుంటే నేర్చుకున్నాను.

మూడు గింజలు

ఎనభైలు సగం దాటాక ఒకరోజు. సమ్మక్కకు ఇరవై దాటాయి. వాళ్ల ఊళ్లోనే అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. ఎల్లవ్వ పోయి రెండేళ్లయింది. నెలకోసారి మందు సీసాల కోసం వచ్చినప్పుడు నా గదికి రాకుండా పోదు. ఆ రోజు వరుస పెద్దదిగా ఉంది. ఆమె గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, కొత్తగా సూది మొదలైన ఒక మనిషికి గింజల లెక్క చెబుతోంది. “తిన్నవా అని గాదన్నా, నోట్లెకు ఏం బోయింది అని చూస్కోవాలె,” అంటోంది. ఆ మాట ఎక్కడిదో ఆమెకు తెలియదు. నేను తల ఎత్తకుండా రాసుకుంటున్నాను.

మధ్యాహ్నానికి వరుస అయిపోయింది. ఆమె లేచి వచ్చింది.

“అన్నం తిన్నవా మేడం?”

“ఎక్కడ బిడ్డా, పొద్దటి సంది ఏం తినలే. పనే సరిపోయింది.”

ఆమె నా బల్ల వైపు చూసింది. ఉప్మా తిన్న పళ్లెం ఉంది. రెండు ఛాయ్ కప్పులు ఉన్నాయి. జానీమియా పంపిన అరటిపండు తొక్క ఉంది.

“మరి గదేంది?”

నేను చూసుకున్నాను. ఇద్దరం నవ్వాపుకోలేకపోయాం. సమ్మక్క నవ్వుతూనే కొంగు ముడి విప్పింది. బెల్లం ముక్క పక్కకు జరిపి, చిన్న సంచిలోంచి గింజలు తీసి ఒక్కొక్కటే నా బల్ల మీద పెట్టింది.

“ఉప్మాకు రెండు. అరటిపండుకు ఒకటి. ఛాయ్‌లు ఇడిసిపెడ్తాన, అన్నం మేడంవు గద,” అంది.

ఆ మూడు గింజలు ఆ ఏడాది డైరీ అట్టలో ఉన్నాయి. ఇందాక తీసి చూశాను. నున్నగా, చల్లగా, అప్పటిలాగే ఉన్నాయి.